ఇంటివాళ్ళ జవాబు

చిలకమ్మ ఎల్లాజీని ఎడమ పక్కకి ఒత్తిగిలబెట్టి, వీపు వెనక దుప్పటి చుట్ట దూర్చింది. మోకాళ్ళు రెండూ ఒరుసుకోకుండా మధ్యలో దిండు పెట్టింది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, పుండు చుట్టూ తుడిచింది. అరచెయ్యంత పుండు. నడుముకి కింద, ఎముక ఒత్తుకునే చోట. పాత కట్టు ఊడదీసినప్పుడల్లా గదంతా వాసన నిండిపోతుంది. చేపల వాసనకి పుట్టినప్పటి నుంచీ అలవాటుపడ్డ ముక్కు కూడా దీనికి అలవాటు పడలేదు.

"ఎలగున్నాది?" అన్నాడు ఎల్లాజీ గోడకేసి చూస్తూ.

"నిన్నటి మీద తగ్గినాది."

తగ్గలేదు. అంచు నల్లబడింది. ఏడాది కిందట బోటులో ఐసు నింపుతూ చేపలు దాచే గోతిలోకి వెల్లకిలా పడ్డాక అతనికి బొడ్డు కింద ఏదీ తెలియదు. పుండు ఉందన్న సంగతి కూడా చిలకమ్మ చెబితేనే తెలిసింది. పెద్దాసుపత్రిలో మూడుసార్లు కట్టు కట్టి ఇంటికి పంపేశారు. మూడోసారి నర్సు ఆమెని పక్కకి పిలిచి, "పుండు ఎముకదాకా వెళ్ళిందంటే ఇంక మా చేతుల్లో ఉండదమ్మా. రెండేసి గంటలకి తిప్పాలి, తప్పకుండా తిప్పాలి" అని చెప్పింది. తెల్లారకుండా హార్బరుకి పోయి, చేపలు ఎత్తుకుని, ఇంటింటికీ తిరిగి అమ్ముకొచ్చే మనిషి రెండేసి గంటలకి ఎలా తిప్పుతుంది? పక్కింటి పోతమ్మ వచ్చి తిప్పుతుంది. గుర్తుంటే.

"ఎల్లాజీ గారిల్లు ఇదేనాండీ?"

గుమ్మంలో ఒక అమ్మాయి. మెడలో కార్డు, చంకలో ట్యాబు. చేపలు తోముతున్న పోతమ్మ బయటి నుంచే, "ఇదే ఇదే, లోపలికెల్లమ్మా. ఆడెక్కడికీ పోడు, ఇంటికాడే ఉంతాడు" అంది.

ఆ మాటకి అందరికన్నా ముందు నవ్వింది ఎల్లాజీయే.

ఆ అమ్మాయి పేరు ఇంద్రజ. ఎలమంచిలి పిల్ల. ఒక ట్రస్టువాళ్ళు వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళ కోసం కొత్త వార్డు తెరుస్తున్నారనీ, ముందుగా ఆరు మంచాలనీ, మూడు నెలలు ఉంచుకుంటారనీ చెప్పింది. పుండ్లు మాన్పిస్తారట. మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి తనంతట తాను దిగడం నేర్పిస్తారట. ఒంటికి పోవడం కూడా ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా నేర్పిస్తారట. చిలకమ్మ ఉప్పునీళ్ళ గిన్నె అలాగే పట్టుకుని వింటోంది.

"ఎవుర్ని తీసుకుంతారమ్మా?"

"అందరినీ అడుగుతున్నామక్కా. ఇరవై అయిదు ప్రశ్నలు. ఎవరి జీవితం ఎలా ఉందో కొలుస్తాం. దాన్ని బట్టి పెద్దవాళ్ళు చూసుకుంటారు."

"కొలుత్తారేటి?" అన్నాడు ఎల్లాజీ. "తూకానికా, గంప లెక్కకా?"

ఇంద్రజకి నవ్వొచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని ట్యాబు తెరిచింది. "గడిచిన రెండు వారాల సంగతి చెప్పాలన్నయ్యా. సున్నా అంటే అస్సలు బాగోలేదు, పది అంటే చాలా బాగుంది. నిద్ర ఎలా పడుతోంది?"

"ఎనిమిది."

చిలకమ్మ తలెత్తింది.

"ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని చూసుకునే తీరు?"

"పది. రాసుకో. పదికి మించి లేదేటి?"

"మీ శరీరంతో మీకు ఎంత తృప్తి?"

ఎల్లాజీ చేత్తో తొడ తట్టి చూపించాడు. "సగం నాకాడున్నాది, సగం సెలవెట్టీసినాది. ఉన్న సగానికి పదెయ్యి."

"అలా సగానికి వెయ్యకూడదన్నయ్యా. మొత్తానికి ఒకటే చెప్పాలి."

"అయితే ఏడెయ్యి."

మధ్యలో ఒక ప్రశ్న దగ్గర ఇంద్రజ ఆగి, చిలకమ్మ వంక చూసి, గొంతు తగ్గించి, భార్యాభర్తల సంబంధం గురించి అని గొణిగింది. "అది దాన్నే అడగాల" అన్నాడు ఎల్లాజీ. చిలకమ్మ గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి ప్రశ్నలు అయిపోయాయి. ఇంద్రజ ట్యాబు మూసి, "మీలాగా మాట్లాడేవాళ్ళని చూళ్ళేదన్నయ్యా" అని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా చిలకమ్మ గుమ్మంలోంచి చూసింది. తిరిగాక వచ్చి మంచం పక్కన నిలబడింది.

"ఎనిమిదంట. రెండేసి గంటలకి లేచి నిన్ను తిప్పతన్నది నాను. నీ నిద్దరకి ఎనిమిది ఎలగొచ్చినాది?"

"నా నిద్దర అడిగినాది, నీ నిద్దర అడగలేదు కదే."

"బాగున్నోడికి మంచం ఎందుకిత్తారు మావా? బుర్రుందా నీకు? సున్నా, ఒకటి అని సెప్పాలి గానీ."

అతనలాగే చెబుతాడని ఆమెకి ముందే తెలిసి ఉండాల్సింది. అతను పనిచేసిన బోటు మీద, దాన్ని నడిపే సరంగు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. సముద్రం మీద నుంచి ఇంటికి ఫోను చేసినవాడు బాగుందనే చెప్పాలి. ఒడ్డున ఆడది ఏడిస్తే బోటుకి మంచిది కాదంటాడు సరంగు. ఒకసారి ఇంజను చచ్చి మూడ్రోజులు కొట్టుకుపోయినప్పుడు కూడా ఎల్లాజీ ఫోన్లో, "బాగున్నాది, ఏటి కూరొండినావు?" అనే అడిగాడు. తాగడానికి నీళ్ళు కూడా లేవని ఆమెకి తెలిసింది అతను ఒడ్డుకొచ్చిన వారానికి, అదీ వేరేవాళ్ళు చెబితే.

"ఇది సముద్రం కాదు మావా. అది మన ఇంటి మనిసి కాదు. నిజం సెప్తే పోయేదేటి?"

"నిజమే సెప్పినాను." ఎల్లాజీ మెడ ఒక్కటే ఇటు తిప్పగలిగాడు. "ఆ పిల్లగుంట అడిగినప్పుడు గుమ్మంలోకి ఎండొచ్చినాది. నువ్వు సేపలమ్ముకుని తిరిగొచ్చినావు. పోతమ్మ ఏదో వాగతన్నాది. పొద్దున్నే ఇంత గంజి దిగినాది. బాగున్నాదనే అనిపించినాది. నాకు బాగున్నాదనిపిస్తే నువ్వు కాదంతావేటి?"

చిలకమ్మ అతని కాళ్ళ దగ్గర దుప్పటి సర్దింది. పాదాలు రెండూ మంచులో పెట్టిన చేపల్లా చల్లగా ఉన్నాయి.

*

గురువారం నాడు అమ్మకం తొందరగా అయిపోయింది. చిలకమ్మ ఖాళీ బేసిను కడిగి, అందులో తువ్వాలు మడిచిపెట్టుకుని మద్దిలపాలెం బస్సెక్కింది. బస్సులో పక్కన కూర్చున్నావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు జరిగింది. ట్రస్టు ఆఫీసు ఒక బట్టల కొట్టు మీద, రెండో అంతస్తులో. బేసిను బయట మెట్ల మీద వదిలి, చెప్పులు విప్పి లోపలికెళ్ళింది.

ఇంద్రజ గుర్తుపట్టి కుర్చీ చూపించింది. చిలకమ్మ కూర్చోలేదు.

"మాది ఎంతొచ్చినాదమ్మా?"

ఇంద్రజ అటూ ఇటూ చూసి, ట్యాబులో వెతికి, "వందకి డెబ్భై ఒకటి" అంది. "నలభై లోపు వచ్చినవాళ్ళని ముందు తీసుకుంటారక్కా. ఇప్పటికే ఏడుగురున్నారు."

"మా ఆయనకి పుండు నల్లబడినాది. మొన్న జొరం కూడా తగిలినాది. నువ్వు అడిగినవాటిలో పుండు లేదేటి?"

"ఉంది. 'ఒంట్లో నొప్పి, బాధ' అని ఉంది. నొప్పి లేదన్నారు, పది వేశాను."

"నొప్పి ఎలగ తెలుస్తాదమ్మా ఆయనకి?"

ఇంద్రజ ముఖం కిందికి దించుకుంది. పాతికేళ్ళుంటాయేమో. గోళ్ళ రంగు సగం ఊడిపోయి ఉంది. "నేను అడిగి రాసుకోవడం వరకేనక్కా. ఒకసారి పంపించాక మార్చడానికి లేదు."

"నాను సెప్పకూడదా? రోజూ సూత్తన్నదాన్ని."

"మేం రెండువైపులా అడిగి చూశాం. పేషెంటు చెప్పింది ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. ఇంటివాళ్ళు చెప్పింది తక్కువ వస్తుంది. అందుకని పేషెంటు మాటే తీసుకోమన్నారు."

"ఇద్దర్లో నిజం ఎవుర్ది?"

"ఆ ప్రశ్న ఫారంలో లేదక్కా" అంది ఇంద్రజ. అనేసి, తన మాటకి తనే నొచ్చుకున్నట్టు పెదవి కొరుక్కుంది. చిలకమ్మ కదలకుండా నిలబడే ఉంది. చివరికి ఇంద్రజే నెమ్మదిగా అంది. "ఇంటివాళ్ళ ఫారం అని వేరే ఉంటుంది. తలకి దెబ్బ తగిలి, మతి స్థిమితం లేనివాళ్ళకి. వాళ్ళు చెప్పలేరు కాబట్టి ఇంటివాళ్ళు చెబుతారు. అప్పుడు మొదటిది కొట్టేస్తారు."

ఎల్లాజీ తలకి దెబ్బ తగల్లేదు. ఆ సంగతి చిలకమ్మకీ తెలుసు, అతనితో గంటసేపు నవ్వుతూ మాట్లాడిన ఇంద్రజకీ తెలుసు.

"తలకీ తగిలినాది" అంది చిలకమ్మ.

ఇంద్రజ ఆమె వంక చూడలేదు. ట్యాబులో ఏదో నొక్కింది. "మీరు చెప్పింది నేను రాసుకుంటాను" అంది.

మళ్ళీ అవే ఇరవై అయిదు ప్రశ్నలు. నిద్రకి ఒకటి. తిండికి రెండు. ఒంటి బాధకి సున్నా. మొదట్లో జవాబులు తన్నుకుంటూ వచ్చాయి. ఏడాదిగా ఎవరూ అడగని సంగతులు. పక్క తడిసినప్పుడు చేసే చాకిరీ, పొట్ట మీద నొక్కి ఒంటికి పోయించడం, చేపలమ్ముతూ వీధిలో ఉన్నంతసేపూ తిప్పారో లేదో అని పీకే మనసు, అన్నీ అంకెలైపోయాయి. సగం దాటాక ఇంద్రజ, "అతనికి రేపటి మీద ఆశ ఉందా?" అని అడిగింది.

చిలకమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. ఆ మాట ఆమె ఎప్పుడూ అతన్ని అడగలేదు.

"తెల్దమ్మా."

"ఏదో ఒకటి వెయ్యాలక్కా. ఖాళీ ఉంటే తీసుకోదు."

"రెండెయ్యి."

తర్వాత వాటన్నిటికీ ఒకటీ రెండూ అంటూనే పోయింది. అడగడం పూర్తయ్యేలోపే చెప్పేసింది. మొత్తం ఇరవై మూడు వచ్చింది. ఇంద్రజ ఒక కాగితం అచ్చు తీసి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. "ఏటి రాసున్నాది ఇక్కడ?" అని అడిగింది చిలకమ్మ. ఇంద్రజ చదివింది. పై వ్యక్తికి మతి స్థిమితం లేదనీ, తన గురించి తాను చెప్పుకోగల స్థితిలో లేడనీ, అతని తరఫున అన్నీ భార్యే చెబుతుందనీ ధ్రువీకరిస్తున్నాను.

చిలకమ్మ పెన్ను తీసుకుని ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. కిందికి దిగొచ్చేసరికి మెట్ల మీద బేసినులో ఎవరో టీ కప్పు పడేసి పోయారు.

*

శనివారం ఫోనొచ్చింది. సోమవారం బండి వస్తుందన్నారు. ఆమె ఫోను పెట్టేసి చెప్పగానే ఎల్లాజీ పిడికిలితో మంచం పట్టె మీద కొట్టాడు.

"సూసినావా? నిజం సెప్తే రాలేదేటి? ఏడుపుగొట్టోడిని ఎవుడు బాగు సేత్తాడే?"

చిలకమ్మ అవునంది.

"బుర్రుందా నీకు అని ఇది నన్నడిగినాది, పోతమ్మా. ఇప్పుడు సెప్పు, ఎవుడికున్నాది బుర్ర?"

"నీకేరా బాబూ. కిందున్నదంతా పైకెక్కీసినాది" అంది పోతమ్మ గుమ్మంలోంచి.

ఆదివారమంతా అతను ఏవేవో అడుగుతూనే ఉన్నాడు. కుర్చీ వచ్చాక జెట్టీ దాకా వెళ్ళొచ్చా, గుమ్మం ముందున్న మెట్టు కొట్టించాలా, వలలు కూర్చునే కుట్టొచ్చు కదా. ఆశ ఎంతుందో చిలకమ్మకి అప్పుడు తెలిసింది. సోమవారం పొద్దున గెడ్డం గీయించుకుని, గళ్ళ చొక్కా తొడగమన్నాడు. పడుక్కునే మనిషికి చొక్కా ఎందుకని ఆమె అడగలేదు. బొత్తాలు పెడుతున్నప్పుడు సంతకం సంగతి చెప్పేద్దామనుకుంది. మూడో బొత్తాం దాకా వచ్చి, ఒంటి జ్వరం వేళ్ళకి తగిలి, మానేసింది.

*

వార్డు బయట నడవాలో ఇంకో స్ట్రెచరు ఉంది. దాని మీద కుర్రవయసు మనిషి. పక్కన బెంచీ మీద ముసలామె. బండివాళ్ళు ఎల్లాజీని అక్కడ కాసేపు ఆపారు.

"ఏ ఊరు తమ్ముడూ?" అన్నాడు ఎల్లాజీ.

"ఆటోనగర్. వెల్డింగు పని. రేకు మీద నుంచి పడ్డాను."

"మాది ఏడో పేరమ్మా" అంది ముసలామె, చిలకమ్మ వంక చూస్తూ. "ఎవరైనా తప్పుకుంటే పిలుత్తామన్నారు. ఎందుకైనా మంచిదని తీసుకొచ్చీసినాను."

చిలకమ్మ చూపు తిప్పుకుంది.

లోపల మూడో నంబరు మంచం. పరుపు మీద గాలి గదులు ఒకటి మార్చి ఒకటి ఉబ్బుతూ తగ్గుతూ ఉన్నాయి. అలాంటి పరుపు చిలకమ్మ ఎప్పుడూ చూడలేదు. చేత్తో నొక్కి చూసింది. వార్డుబాయి స్ట్రెచరు మీద నుంచి ఎత్తబోతుంటే ఎల్లాజీ, "తమ్ముడూ, నడుం కింద సెయ్యెట్టకు, అక్కడ పుండున్నాది. తొడల కింద అట్టుకో. ఆ, అలగ" అని చెబుతున్నాడు. అప్పుడే డాక్టరు వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. సిస్టరు కాగితాలు తిప్పి పైకి చదివింది.

"ఎల్లాజీ. ముప్పై తొమ్మిదేళ్ళు. నడుము కింద స్పర్శ లేదు. తలకి దెబ్బ, మతి స్థిమితం లేదు. జవాబులు భార్య చెప్పింది. మార్కులు ఇరవై మూడు."

ఎల్లాజీ నవ్వబోయాడు. ఎవరి కాగితమో తనకి చదివారనుకున్నాడు. చిలకమ్మ ముఖం చూశాక ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "మతి లేదా? ఇప్పుడు బాయ్‌కి చక్కగా చెబుతున్నాడు కదా. ఈ సంతకం నీదేనామ్మా?"

"నాదే బాబూ."

"చూడమ్మా, ఇతనికి తెలివి సరిగ్గానే ఉంటే ఇతను చెప్పిందే లెక్క. మొదటి ఫారంలో డెబ్భై ఒకటి ఉంది. అలాగైతే ఈ మంచం ఇతనిది కాదు. బయటవాళ్ళని పిలవాల్సి వస్తుంది." కోపంగా అనలేదు. మందు ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్పినట్టు చెప్పాడు.

చిలకమ్మ రెండు చేతులూ ఎత్తింది. దండం పెట్టడానికో, నోరు మూసుకోవడానికో ఆమెకే తెలియలేదు. వార్డు తలుపు అద్దంలోంచి ముసలామె మెడ చాచి లోపలికి చూస్తోంది. ఇంక దాచేదేమీ లేదనుకుంది. అబద్ధమాడింది తను. తిడితే తనని తిడతారు. ఇంటికి తీసుకుపోతే మళ్ళీ అదే మంచం, అదే దుప్పటి చుట్ట, ఇంకో వారమో రెండు వారాలో.

"బాబూ, నాను..."

డాక్టరు ఆమె మాట వినిపించుకోకుండా ఎల్లాజీ మీదికి వంగాడు. "నీ పేరేంటి?"

ఎల్లాజీ డాక్టరు వంక చూశాడు. తర్వాత చిలకమ్మ వంక చూశాడు. ఆమె అతని కళ్ళలో కోపం కోసం వెతికింది. కనిపించి ఉంటే బాగుండేది. అతను ఆమె చేతులకేసి చూస్తున్నాడు. ఐసులో నానీ నానీ పగిలి, ఉప్పునీళ్ళకి ఎర్రబడ్డ వేళ్ళు.

అతను కింది పెదవి కొద్దిగా వేలాడేశాడు.

"పేరు చెప్పు. ఇవాళ ఏ వారం?"

"బోటు" అన్నాడు ఎల్లాజీ.

"ఏం బోటు?"

"బోటు."

డాక్టరు సిస్టరు వంక చూశాడు. ఎల్లాజీ చూపు పైకప్పు మీదికి పోయింది. అక్కడ తిరగని పంకా ఒకటుంది. డాక్టరు అతని గెడ్డం పట్టుకుని ముఖాన్ని చిలకమ్మ వైపు తిప్పాడు. నున్నగా గీసిన గెడ్డం.

"ఇటు చూడు. ఈమె ఎవరు?"

ఎల్లాజీ ఆమెని చాలాసేపు చూశాడు. సెప్పీ మావా, నా పేరు సెప్పీ అని ఒక పక్క, సెప్పకు అని ఇంకో పక్క, రెండూ ఒకేసారి చిలకమ్మ గొంతులోకి వచ్చాయి.

"తెల్దు" అన్నాడు.

డాక్టరు నిటారుగా నిలబడి కాగితం మీద ఏదో రాశాడు. "కొన్ని మాటలు అలవాటు మీద వస్తుంటాయి. మతి ఉన్నట్టే అనిపిస్తుంది" అని సిస్టరుకి చెప్పాడు. "ఇతనికి ఏం చెయ్యాలన్నా ఆవిడని అడగండి. అన్నిటికీ ఆవిడ సంతకమే." చిలకమ్మ వైపు తిరిగాడు. "నొప్పి ఉంటుందామ్మా ఇతనికి? పదికి ఎంతుంటుంది?"

ఎల్లాజీ వాళ్ళకి జానెడు దూరంలో ఉన్నాడు. ఎవరూ అటు చూడలేదు.

"ఉంతాది బాబూ" అంది చిలకమ్మ. "ఎనిమిదుంతాది."

డాక్టరు రాసుకుని తర్వాతి మంచం దగ్గరికి నడిచాడు. వార్డుబాయి తలుపు తీసి బయట ముసలామెతో ఏదో చెప్పాడు. స్ట్రెచరు చక్రాల చప్పుడు నడవాలో దూరమైంది. ఎల్లాజీ కంటి కొస నుంచి నీళ్ళు జారి చెవిలోకి పోతున్నాయి. చేతులు రెండూ బాగానే ఉన్నా తుడుచుకోలేదు. చిలకమ్మ కొంగు తీసింది.

"ఇలాంటివాళ్ళకి ఊరికే కారతాయమ్మా" అంది సిస్టరు. "ఏం కంగారు పడకు. పట్టు, ఇటు తిప్పుదాం."

ఇద్దరూ కలిసి అతన్ని ఒత్తిగిలబెట్టారు. సిస్టరు పాత కట్టు విప్పి, పుండు చూసి, నాలుక చప్పరించి, కొత్త కట్టు కోసం బల్ల దగ్గరికి వెళ్ళింది. చిలకమ్మ అతని మోకాళ్ళ మధ్య దిండు సర్దడానికి వంగింది. తల అతని తలకి దగ్గరైంది.

"పుండు మానీదాకానే" అన్నాడు ఎల్లాజీ. పెదవులు కదిలీ కదలనట్టు.

సిస్టరు గుడ్డ కత్తిరిస్తూ ఇటే చూస్తోంది. చిలకమ్మ సరేనని తలైనా ఊపలేకపోయింది.